టెంకాయ లేచిన చోట నీళ్ళు పడితే అది సైన్సు అవుతుందా?

ప్రశ్న: "మా ఊర్లో ఒక పెద్దాయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని బోరు పాయింట్లు చూస్తాడు. పదింటికి ఎనిమిది బోర్లలో నీళ్ళు పడతాయి. సైన్సులోనూ ఒక థియరీ చెప్పి, అది నిజమైతే ఒప్పుకుంటారు కదా. మరి ఈయనది సైన్సు కాదని ఎందుకంటారు? అసలు థియరీలను ఎట్లా పరీక్షిస్తారు?"

నేను అనంతపురం జిల్లాలో, ఎక్కువగా కళ్యాణదుర్గం వైపు, రైతుల చేలల్లో రెసిస్టివిటీ మీటరుతో, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే మీటరుతో, బోరు పాయింట్లు చూసే పని చేశాను. టెంకాయ పట్టేవాళ్ళ వెంట కూడా తిరిగాను. నేను చూసినవాళ్ళలో చాలామంది మోసగాళ్ళు కారు. టెంకాయ నిజంగానే చేతిలో నిటారుగా లేస్తుంది, తామే లేపుతున్నామని వాళ్ళకు తెలీదు. మనకు తెలియకుండానే మన కండరాలు చేసే ఇలాంటి చిన్న కదలికల గురించి విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లోనే వివరించాడు.

ముందు ఆ "పదింటికి ఎనిమిది" సంగతి చూద్దాం. అదే ఊర్లో ఏమీ చూడకుండా, ఎక్కడ పడితే అక్కడ రిగ్గు నిలబెడితే పదింటికి ఎన్ని పడతాయి? చెరువు కింద, వంక పక్కన అయితే ఎవరు ఎక్కడ చూపించినా ఎనిమిది పడొచ్చు. గుట్ట వాలులో రెండు పడటమే కష్టం. ఈ లెక్క లేకుండా ఎనిమిది అనే అంకెకు అర్థం లేదు. ఇంకొకటి, ఫెయిలైన బోర్లను ఎవరైనా లెక్కపెట్టారా? నీళ్ళు పైకి చిమ్మిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటుంది. దుమ్ము లేచిన బోరు మీద బండ పెట్టేసి, దాని గురించి ఇంట్లోవాళ్ళు కూడా మాట్లాడరు. అప్పుచేసి వేయించిన బోరు కదా, ఆ బాధ అట్లాంటిది. ఇక పడటం అంటే ఏమిటో కూడా ముందే అనుకోవాలి. ఒక ఇంచు నీళ్ళు వచ్చి ఎండాకాలానికి ఆగిపోతే దాన్ని పడినట్టు రాసుకోవాలా, ఫెయిలైనట్టా?

నీళ్ళ జాడ పట్టగలమనేవాళ్ళను జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 88లో పెద్ద ఎత్తున పరీక్షించారు. దాదాపు 500 మందిని వడపోసి 43 మందిని ఎంచుకున్నారు. ఒక పెద్ద కొట్టం కింది అంతస్తులో నీళ్ళు పారే పైపు ఉంటుంది, దాన్ని ప్రతిసారీ జరుపుతారు. పై అంతస్తులో ఉన్న మనిషి అది ఎక్కడుందో చెప్పాలి. 843 సార్లు చేశారు. కొద్దిమందికి నిజంగానే ఆ శక్తి ఉందని పరీక్ష పెట్టినవాళ్ళు ప్రకటించారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే అంకెలను తిరిగి లెక్కగట్టాడు. ప్రతిసారీ కళ్ళు మూసుకొని "మధ్యలో ఉంది" అని చెప్పేవాడికీ, వాళ్ళలో మేటి అనుకున్నవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. మీ ఊరి ఎనిమిదికి నేను అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు: ఏమీ తెలీనివాడికి ఎన్ని వస్తాయి?

పైసా ఖర్చు లేకుండా చేయగలిగే పరీక్ష ఒకటుంది. నేను దాన్ని ఒక పెద్దాయనతో, ఆయన ఇష్టప్రకారమే, చేసి చూశాను. ఆయన చీనీ తోటలో పాయింట్లు చూపించాడు. అక్కడ మట్టిలో కనపడకుండా మేకులు దిగ్గొట్టాం. తర్వాత ఆయన కళ్ళకు తువ్వాలు కట్టి, వేరే గట్టు మీదుగా తీసుకొచ్చి మళ్ళీ నడిపించాం. టెంకాయ మళ్ళీ లేచింది, కానీ మేకులున్న చోట కాదు. "కళ్ళకు గుడ్డ కడితే గంగమ్మ పలకదు నాయనా" అన్నాడు. సరే, అదీ ఒక మాటే. అయితే అట్లా చెప్పే ప్రతి కారణాన్నీ మళ్ళీ పరీక్షకు పెట్టగలగాలి. బోరు ఫెయిలైతే "రిగ్గు అడుగు పక్కకు జరిగింది", "రైతు జాతకం బాగలేదు" అనడం మీరూ వినే ఉంటారు. వీటిలో మొదటిదాన్ని మరుసటి రోజే సరిచూడొచ్చు, ఎవరూ చూడరు. రెండోదాన్ని ఏ రకంగానూ చూడలేం.

మరి సైన్సు థియరీ ఫెయిలైతే సాకులు చెప్పరా? చెప్తారు, ఇక్కడే తేడా తెలుస్తుంది. న్యూటన్ సిద్ధాంతం చెప్పిన దారిలో యురేనస్ గ్రహం నడవలేదు. అవతల కనపడని గ్రహం ఇంకొకటి ఉండి దీన్ని లాగుతోందని ఫ్రాన్సులో లె వెరియే లెక్కగట్టి, ఆకాశంలో ఎక్కడ చూడాలో బెర్లిన్‌కు రాసి పంపాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి, ఉత్తరం అందిన రోజే, ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి దారి కూడా తప్పుతోందని గమనించి, ఆయనే 1859లో సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాలు వెతికినా కనపడలేదు. మనిషి అదే, లెక్క పద్ధతీ అదే, ఒకసారి నిలిచింది, ఒకసారి పోయింది. బుధుడి దారిలో నూరేళ్ళకు 43 ఆర్క్ సెకన్ల (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఆ చిన్న తేడాను 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వివరించింది. అది తెలిసిన తేడాకు కారణం చెప్పి ఊరుకోలేదు. సూర్యుడి అంచున పోయే నక్షత్రపు వెలుగు 1.75 ఆర్క్ సెకన్లు వంగాలని ముందే చెప్పింది. న్యూటన్ లెక్కలో అయితే అందులో సగమే. 1919 మే 29 గ్రహణం నాడు ఫొటోలు తీసి కొలిచారు. సగం దగ్గర ఆగి ఉంటే ఐన్‌స్టీన్ మాట చెల్లేది కాదు.

మళ్ళీ మన నేలకు వస్తాను. మా పని వెనకున్న సిద్ధాంతం ఇది: ఇక్కడ గ్రానైట్ జాతి బండలో నీళ్ళు నదిలా పారవు. పైనున్న మెత్తబడిన రాయిలో, దాని కింద బండ పగుళ్ళలో మాత్రమే నిలుస్తాయి. దీన్నిబట్టి చాలా సంగతులు ముందే చెప్పొచ్చు. ఒకే పగులు మీద రెండు బోర్లుంటే ఒకటి తోడితే రెండోదాంట్లో మట్టం దిగాలి. వాలుకు అడ్డంగా గట్టి నల్లరాయి డైకు, అంటే భూమిలో గోడలా నిలిచిన రాయి, ఉంటే దానికి ఎగువన నీళ్ళు నిలవాలి. రాతిలో ఎక్కువ కాలం ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండొచ్చు. ఇవన్నీ వేరువేరు మనుషులు, వేరువేరు ఊర్లలో చూడదగ్గవి. ఒక ఊహకూ, సిద్ధాంతానికీ తేడా నాకు ఇక్కడే కనిపించింది. ఒక్క బోరుతో సిద్ధాంతం నిలవదు, ఒక్క బోరుతో కూలిపోదు.

మీటరుతో ఏం చేస్తామంటే, నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా దిగ్గొట్టి, చివరి రెండింటి గుండా కరెంటు పంపి, నడిమి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. కడ్డీల ఎడం పెంచేకొద్దీ కరెంటు లోతుకు పోతుంది. పగుళ్ళు లేని బండ కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది, తడిసిన మెత్తరాయి సులువుగా పోనిస్తుంది. ఇన్ని అడుగుల దగ్గర గట్టి బండ మొదలవుతుందని కాగితం మీద రాసి, రిగ్గు రాకముందే రైతు చేతికిచ్చేవాళ్ళం. డ్రిల్లింగు మొదలయ్యాక బయటికొచ్చే పొడిని వరుసగా కుప్పలు పోస్తాం. ఎర్రగా, గరుకుగా వచ్చే పొడి ఉన్నట్టుండి బూడిద రంగు పిండిగా మారుతుంది, రిగ్గు చప్పుడు కూడా మారుతుంది. అదే బండ. కాగితంలో రాసిన లోతుకూ దీనికీ ఎంత తేడా ఉందో రైతే చూసుకుంటాడు. నీళ్ళు పడినా, పడకపోయినా మా మాటకు పరీక్ష మాత్రం జరిగిపోతుంది. మీటరుకూ పరిమితులున్నాయి. తడి బంకమట్టి కూడా కరెంటును సులువుగానే పోనిస్తుంది, దాన్ని నీళ్ళనుకుంటే బోరు ఫెయిలే. అందుకే చుట్టుపక్కల బోర్లలో ఏ లోతున ఏ రాయి తగిలిందో అడగకుండా పాయింటు ఇవ్వకూడదు.

మీ పెద్దాయన సంగతి మీరే తేల్చొచ్చు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఈ సంవత్సరం మీ ఊర్లో వేసే ప్రతి బోరుకూ పాయింటు ఎవరు చూశారు, ఎంత లోతులో నీళ్ళు వస్తాయన్నారు అన్నది రిగ్గు రాకముందే రాయండి. ఎవరితోనూ చూపించకుండా వేసిన బోర్లనూ రాయండి, పోల్చడానికి అవే కావాలి. ఎన్ని ఇంచులు పడితే పడినట్టో మొదటి పేజీలోనే రాసిపెట్టి, వచ్చే మే నెలలో మోటారు ఇంకా నీళ్ళు పోస్తోందో లేదో అందరి దగ్గరికీ వెళ్ళి చూడండి. ఫెయిలైనవాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళండి.