చిల్కా ఒడ్డున సంక్రాంతి, అద్దె ముగ్గురిదీ చాకిరీ ఒక్కరిదేనా?

అమ్మా, బరంపురం నుంచి మీరు రాసింది మొత్తం చదివాను. హైదరాబాద్‌లో ఉండే మీ బావగారు ఎవర్నీ అడక్కుండా ఒడిశాలో రంభ దగ్గర చిల్కా సరస్సు ఒడ్డున జమీందారీ కాలం నాటి బంగళా ఒకటి సంక్రాంతికి మూడు రాత్రులు బుక్ చేసేశారు, రాత్రికి 18 వేలు, అడ్వాన్స్ కట్టేశాక ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టి ముగ్గురం సమానంగా వేసుకుందాం అన్నారు, మీ ఆయన కింద ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మీకేమో చిన్న బట్టల షాపు, జనవరిలో పాప ఫీజు. పైగా తోటికోడలు ఫోన్ చేసి నువ్వు దగ్గరే కదా, గిన్నెలూ సరుకులూ వంటా నువ్వు చూసేసుకో అందంట. వెళ్లకపోతే అత్తగారు చిన్నబుచ్చుకుంటారు, వెళ్తే పండగంతా పొయ్యి దగ్గరే, ఏం చెయ్యమంటారు అని అడిగారు.

వెళ్ళండి. కానీ ఈ లెక్క మీద వద్దు.

వెళ్ళమని ఎందుకంటున్నానంటే మీరు చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశారు చూడండి, మామగారి నాన్నగారు రంభ స్టేషన్‌లో రైల్వేలో చేసేవారని, మామగారు చిన్నప్పుడు ఆ బంగళా గేటు దగ్గర నిలబడి లోపలికి చూస్తుంటే వాచ్‌మన్ తోలేసేవాడని. నాకు అక్కడే ఆగాలనిపించింది. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, రంభలో 1790ల్లో స్నాడ్‌గ్రాస్ అనే ఈస్టిండియా కంపెనీ దొర కట్టించిన భవనం తర్వాత ఖల్లికోట రాజులకి పోయింది, అక్కడ సరస్సు వైపు తిరిగి ఉన్న పాత ఇళ్లంటే దొరలవో జమీందార్లవో, రైల్వే క్వార్టర్స్ పిల్లాడికి ఆ గేటు దాటే ప్రశ్నే లేదు. ఇప్పుడు 72 ఏళ్లకి ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆయనకుంటే, ఆ కోరిక తీర్చాలని పెద్దకొడుక్కుంటే, అందులో చెడు ఏమీ లేదమ్మా. మీ బావగారి మనసు మంచిదే, పద్ధతి బాలేదు. ఈ రెండూ విడివిడిగా చూస్తే మీ కోపం కూడా సగం తగ్గుతుంది, మిగతా సగం న్యాయమైనదే, దాన్ని మింగక్కర్లేదు.

డబ్బు మాట మీరు మాట్లాడకండి. తోటికోడలితో అస్సలు వద్దు, మీరు ఒకటంటే అక్కడికి ఇంకొకటి చేరుతుంది. అన్నయ్యకి ఫోన్ చెయ్యాల్సింది మీ ఆయన, గ్రూపులో మెసేజ్ కాదు, ఫోన్. ఆయనకి భయమంటే ఏం అనాలో నేను చెప్తా, "అన్నయ్యా, నాన్న కోసం నువ్వు చేసింది చాలా బాగుంది, మేం వస్తాం, కానీ 18 వేలు నా వల్ల కాదు, నేను ఇవ్వగలిగింది తొమ్మిది వేలు" అంతే, సంజాయిషీ వద్దు, షాపు కష్టాలు ఏకరువు పెట్టొద్దు.

తొమ్మిది ఎక్కణ్ణించి వచ్చిందంటే, భోగి, సంక్రాంతి పొద్దున పూజ ఎలాగూ అత్తగారు ఇంట్లోనే అంటారు కదా, భోజనాలయ్యాక బయల్దేరితే ఎన్‌హెచ్ 16 మీద 50 కిలోమీటర్లే, సాయంత్రానికి రంభలో ఉంటారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు అక్కడే ఉండి ముక్కనుమకి తిరిగొస్తే రెండు రాత్రులే, 36 వేలు. పెద్దవాళ్లిద్దర్నీ లెక్కలోంచి తీసేస్తే బావగారి వాళ్లు అయిదుగురు, ఆడపడుచు వాళ్లు నలుగురు, మీరు ముగ్గురు, మనిషికి మూడు వేలు. ఇది ఎవరూ కాదనలేని లెక్క. ఇంకోటి, మకర సంక్రాంతికి సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళీజాయి గుడికి జనం పడవల్లో విరగబడి వెళ్తారు, ఆ రోజు పడవల దగ్గరకి పిల్లలతో పోకపోవడమే మంచిది, కనుమ నాడు రంభ దగ్గరే ఉన్న బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే చిన్న దీవి దాకా వెళ్లి రండి, లైఫ్ జాకెట్ లేని పడవ మాత్రం ఎక్కొద్దు. డాల్ఫిన్లు ఉంటాయని బావగారి పిల్లలకి ఎవరైనా చెప్పారేమో, అవి పూరీ వైపు సాతపడా దగ్గర, ముందే చెప్పెయ్యండి. పక్షులైతే జనవరిలో బోలెడు.

ఇక చాకిరీ సంగతి. దగ్గర్లో ఉన్నందుకు మీరు వంటమనిషి అయిపోరు. ఈ మాట తోటికోడలికి మీరే చెప్పాలి, నవ్వుతూనే, "అక్కా, అరిసెలు నేను చేస్తా, జంతికలు నువ్వు తీసుకురా, అక్కడ వంట మాత్రం మనం ఎవ్వరం చెయ్యొద్దు" అని. ఇలాంటి ఇళ్లకి మామూలుగా ఒక కేర్‌టేకర్ ఉంటాడు, ముందురోజే చెప్పి డబ్బులిస్తే మనిషిని పెట్టి వండిస్తాడేమో కనుక్కోండి, ఆ ఖర్చు కూడా అదే తలల లెక్కలో వెయ్యండి. గిన్నెలు బరంపురం నుంచి మోసుకుపోయే పని పెట్టుకోకండి.

ఇల్లు ఫోటోల్లో చూసి నమ్మొద్దు. మీరు గంటలో వెళ్లి చూసి రాగలరు కాబట్టి ఒక ఆదివారం మీ ఆయన్ని పంపండి. అత్తగారి మోకాళ్లకి పాత బంగళా చెక్కమెట్లు పనికిరావు, నిటారుగా ఉంటాయి, ఆవిడకి కింద గది కావాలి, దానికి ఆనుకుని బాత్రూమ్, కూర్చునే కమోడ్, గీజర్. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, దోమతెరలు ఉన్నాయా, తాగే నీళ్లు ఎక్కణ్ణించి, నీటి వైపు మెట్లకి గేటు ఉందా, మీ పాప చిన్నది కదా. కింద గది లేకపోతే పెద్దవాళ్లకి రంభలోనే ఒడిశా టూరిజం వాళ్ల (ఓటీడీసీ) పాంథనివాస్ హోటల్లో రూమ్ తీసుకుని పగలంతా బంగళాలో కూర్చోబెట్టండి. మామగారి షుగర్ మందులు సరిపడా పెట్టుకోండి, అవసరమైతే ఎంకేసీజీ హాస్పిటల్ మీ ఊళ్లోనే ఉంది.

ఫోన్ మాత్రం ఈ వారంలోనే అయిపోవాలి, మిగతా డబ్బు కట్టేశాక ఒక రాత్రి తగ్గించమంటే ఓనర్లు ఒప్పుకోవడం కష్టం. మీ బావగారు ముందు కోప్పడొచ్చు. కోప్పడనివ్వండి, మీరు మధ్యలోకెళ్లి సర్దిచెప్పకండి, అన్నదమ్ములు వాళ్లే తేల్చుకుంటారు.