ఐస్ హాకీ జట్టు సీఎస్‌కేఏ మాస్కో సోవియట్ కాలంలో అన్నేసి టైటిళ్లు ఎలా గెలిచింది?

సైన్యం జట్టు కాబట్టి. సోవియట్ యూనియన్‌లో యువకులకి సైనిక సేవ తప్పనిసరి. వేరే క్లబ్‌లో ఎవరైనా బాగా ఆడితే చాలు, సైన్యంలోకి పిలిచి ఈ జట్టులో వేసుకునేవారు. ఇక పోటీ ఎక్కడిది? 1946లో మొదలైన ఈ ఐస్ హాకీ క్లబ్ 32 సోవియట్ టైటిళ్లు కొట్టింది. 1977 నుంచి 1989 దాకా వరసగా 13!

అయితే ఘనతంతా భర్తీదే అనడం అన్యాయం. కోచ్ అనతోలీ తరాసొవ్ పాస్‌ల ఆట నేర్పాడు. తర్వాతి కాలంలో కోచ్ అయిన విక్టర్ తిఖోనొవ్ మరీ కఠినుడు. పెళ్లయిన ఆటగాళ్లని కూడా నెలల తరబడి శిబిరంలోనే ఉంచేవాడు. జట్టు ఆటగాడు ఇగోర్ లారియొనొవ్ 1988లో పత్రికాముఖంగానే ఆయన్ని ఏకిపారేశాడు. మరుసటి ఏడాది లారియొనొవ్, మరో ఆటగాడు ఫెతిసొవ్ ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లిపోయారు. ఆ వెంటనే, 1990లో, టైటిల్ డైనమో మాస్కో ఎగరేసుకుపోయింది. సీఎస్‌కేఏకి తొలి గగారిన్ కప్ (ఇప్పటి రష్యా ప్రధాన హాకీ లీగ్ కేహెచ్‌ఎల్ ట్రోఫీ) 2019లో గానీ దక్కలేదు.