‘అవి బీపీ మాత్రలు కాదు కదమ్మా?’

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. పాపకి 18 నెలలప్పుడు పరీక్ష చేసి తనకి లేదని చెప్పారు, ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఎవరడిగినా కామెర్లు అని చెప్పాం. బ్లౌజులు కుట్టుకుని బతుకుతున్నాను, మందులు ఒక్క రోజు కూడా మానలేదు, ఒంట్లో బాగానే ఉంది. పాపకి ఇప్పుడు 13. డబ్బా మీద లేబుల్ చింపేసి బీపీ మాత్రలని చెబుతూ వచ్చాను. పోయిన నెల చింపడం మర్చిపోయాను. పాప ఫోన్లో ఏదో వెతుక్కుంది, రాత్రి అన్నం తింటూ ‘అవి బీపీ మాత్రలు కాదు కదమ్మా?’ అంది. కసిరాను. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మా ఆడపడుచుకి సంగతి తెలుసు, ఇంటి వాటా గొడవ వచ్చినప్పుడల్లా ‘నీ కూతురికి చెప్పమంటావా’ అని బెదిరిస్తుంది. పాప పెళ్లయ్యాక నిదానంగా చెబుదామనుకున్నాను. ఇప్పుడేం చేయాలి మేడమ్? (పేరు, ఊరు వేయొద్దు)

జవాబు: చెల్లీ, పేరూ ఊరూ వేయడం లేదు, నిశ్చింతగా ఉండు. నీ ఉత్తరంలో నువ్వు గమనించనిది ఒకటుంది. మీ పాప నిన్ను ‘అవి ఏం మాత్రలు?’ అని అడగలేదు, ‘బీపీ మాత్రలు కాదు కదా’ అంది. అంటే తనకి తెలిసిపోయింది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు పేర్లు కొడితే అవి దేనికి వాడతారో ఫోన్ అర నిమిషంలో చెప్పేస్తుంది. చెప్పాలా వద్దా అన్న దశ దాటిపోయింది. నీ నోటి నుంచి వింటుందా, లేక ఏదో ఒక గొడవలో మీ ఆడపడుచు నోటి నుంచి వింటుందా అన్నదే ఇప్పుడు మిగిలింది.

నేను హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలింగ్ చేసిన రోజుల్లో చాలామంది తల్లులు నీలాగే ‘పెళ్లయ్యాక’, ‘టెన్త్ అయ్యాక’, ‘ఇంకొంచెం పెద్దదయ్యాక’ అనేవాళ్లు. నిజం తెలిసిన పిల్లలకి జబ్బు మీద అంత కోపం ఉండేది కాదు, ‘నాకెందుకు చెప్పలేదు’ అనే ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సలహా కూడా ఇదే: ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు, అంటే బడి వయసులోనే, పిల్లలకి హెచ్‌ఐవీ ఉంటే దాని గురించే కాదు తల్లిదండ్రులకి ఉన్న హెచ్‌ఐవీ గురించి కూడా వయసుకి తగ్గట్టు చెప్పమని. ఆ లెక్కన నువ్వు ఇప్పటికే ఆలస్యం చేశావు.

నిజానికి నీ భయం జబ్బు పేరు చెప్పడం గురించి కాదనుకుంటా. ఆ తర్వాత వచ్చే ‘ఎలా వచ్చింది?’ అనే ప్రశ్న గురించి. మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2000ల మొదట్లో ఏ గోడ మీద చూసినా ‘పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?’ అనే ప్రకటనే. జనం నోట్లో ఆ మాట నానడానికి అది బాగా పనికొచ్చింది, కాదనను. కానీ ఇది తిరుగుబోతుల రోగం అనే ముద్ర కూడా దాంతోనే గట్టిపడిందని నాకనిపిస్తుంది, గడప దాటని ఇల్లాలి మీద కూడా అదే ముద్ర పడింది. ఆ ముద్రని నువ్వే మోసుకొచ్చి పిల్ల ముందు పెట్టక్కర్లేదు. ‘మీ నాన్నకి ముందు వచ్చింది, ఆయన నుంచి నాకు వచ్చింది, నువ్వు కడుపులో ఉన్నప్పుడు తెలిసింది’ అని చెప్పు, చాలు. ఆయనకి ఎలా వచ్చిందంటే నీకు తెలిసినంతే చెప్పు, తెలియకపోతే తెలియదను. అబద్ధం మాత్రం ఇంకొకటి కలపకు, కామెర్ల అబద్ధం ఒకటి ఇప్పటికే ఉంది, దాన్నీ ఈ రోజే తీసేయి.

ఎదురెదురుగా కూర్చోబెట్టి గంభీరంగా మొదలుపెడితే ఇద్దరికీ టెన్షనే. ఆదివారం తలకి నూనె రాస్తూనో జడ వేస్తూనో చెప్పు, మొహం కనిపించకపోతే నీకూ మాట తేలిగ్గా వస్తుంది. ముందు క్షమాపణతో మొదలుపెట్టు: ‘ఆ రోజు కసిరినందుకు తప్పు నాదే, నువ్వన్నది నిజమే, అవి బీపీవి కాదు.’ ఆ తర్వాత ఆగు. ఏడిస్తే ఏడవనీ, లేచి వెళ్లిపోతే వెళ్లనీ, వెంటపడకు.

పైకి ఏం అడిగినా లోపల రెండు భయాలుంటాయి: నువ్వు చచ్చిపోతావేమోనని, తనకీ ఉందేమోనని. రెండోదానికి 18 నెలల పరీక్ష కాగితం ఉంటే చూపించు, పారేసి ఉంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి (ఐసీటీసీ) తీసుకెళ్లి మళ్లీ ఉచితంగా పరీక్ష చేయించు, నువ్వు వంద చెప్పినా ఆ కాగితం ఇచ్చే ధైర్యం వేరు. మొదటిదానికి, మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004లో. అప్పట్లో సీడీ4, అంటే రోగాన్ని తట్టుకునే రక్తకణాల లెక్క, పడిపోతేనే ఇచ్చేవాళ్లు, 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే ఇస్తున్నారు. నీలాగా మానకుండా వేసుకునేవాళ్లు మనవళ్లని ఎత్తుకునే వయసుదాకా బతుకుతున్నారు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటిలో పడుకున్నా, ముద్దు పెట్టుకున్నా రాదని కూడా విడమరిచి చెప్పు, బళ్లో చదివే ఉంటుంది కానీ అమ్మ విషయంలో మళ్లీ వినాలనుకుంటుంది.

ఇంకొకటి. ‘ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు వేయించుకోవద్దు. పదమూడేళ్ల పిల్ల ఒంటరిగా మోయలేని బరువది. ‘ఇది మన ఇంటి సంగతి, నీకు మనసు బాగోకపోతే ఫలానా వాళ్లతో మాట్లాడొచ్చు’ అని ఒక్క మనిషిని చూపించు, మీ అమ్మ అయినా, సెంటర్లో కౌన్సెలర్ అయినా. 1097కి ఫోన్ చేసినా మాట్లాడతారు, డబ్బులు పడవు.

మీ ఆడపడుచు సంగతి. నమ్మకంతో చెప్పిన ఒకరి హెచ్‌ఐవీ సంగతిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇంటి వాటా గురించి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు, ఆడవాళ్లకి అక్కడ లాయర్ని ఉచితంగా పెడతారు. పాపకి నువ్వే చెప్పేశాక ఆవిడ బెదిరించడానికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: మా మనవడికి 11 ఏళ్లు, పుట్టుకతోనే హెచ్‌ఐవీ. అమ్మానాన్నా లేరు, నేనే పెంచుతున్నాను. బలం మాత్రలని చెప్పి వేస్తున్నాను. ఈ మధ్య ‘నాకు బలం బాగానే ఉంది’ అని కిటికీలోంచి పారేస్తున్నాడు.

జవాబు: అమ్మా, వాడు మాట్లాడింది న్యాయమే, బలం ఉన్నవాడికి బలం మాత్రలెందుకు? మందు ఎందుకో తెలిస్తేనే వేసుకుంటాడు. ఈసారి మందులకి వెళ్లినప్పుడు వాణ్ని తీసుకెళ్లండి, కౌన్సెలర్‌తో కలిసి చెప్పండి, ఒకేసారి అంతా కాకుండా ‘నీ రక్తంలో ఒక వైరస్ ఉంది, ఈ మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది, నువ్వు మానేస్తే అది లేస్తుంది’ అని మొదలుపెడితే పేరు తర్వాత వస్తుంది. బడిలో చెప్పాల్సిన పని లేదు, ఒకవేళ తెలిసినా దాని పేరు చెప్పి బడిలోంచి పంపేయడానికి అదే 2017 చట్టం ఒప్పుకోదు. పారేసినందుకు వాణ్ని కొట్టకండి, కానీ ఎన్ని రోజులు పారేశాడో డాక్టరు గారి దగ్గర మాత్రం దాచకండి. మధ్యలో మానేస్తే మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది, రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలిపే వైరల్ లోడ్ పరీక్ష చేసి చూస్తారు.