ఎంజైమ్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినంత మాత్రాన మనిషికి ఏమైనా తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. కాకపోతే ఆపరేషన్ టేబుల్ ఎక్కేదాకా తెలియకపోవచ్చు. మా మేనబావ సంగతి అదే.

అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పితో తీసుకెళ్తే వెంటనే ఆపరేషన్ అన్నారు. కోత, కుట్లు సవ్యంగానే అయిపోయాయి. మనిషి మాత్రం కదల్లేదు, సొంతంగా ఊపిరి తీసుకోలేదు. మత్తు డాక్టరు బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "మీరు వైశ్యులా అండీ?" మా మామయ్యకి ఒళ్లు మండిపోయింది. "ప్రాణం మీదికొస్తే కులం అడుగుతారేంటి?" అని వరండా దద్దరిల్లేలా అరిచాడు. అత్తయ్య అప్పటికే పెనుగొండ వాసవీ అమ్మవారికి మొక్కేసుకుంది.

డాక్టరు అడిగింది సరైన ప్రశ్నే. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి స్కోలిన్, అంటే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. దాన్ని విరగ్గొట్టేది మన రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కాలేయంలో తయారవుతుంది. ఒకేలాంటి నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 574 అమైనో ఆమ్లాలు. ప్రతి భాగంలోనూ ఇరుకైన బావిలాంటి లోతు, అక్కడ 198వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం. మందు లోపలికి జారగానే ఆ సెరీన్ పట్టుకుని తెంచేస్తుంది. అందుకే మామూలు వాళ్లలో స్కోలిన్ పని 5-10 నిమిషాల్లో అయిపోతుంది. వైశ్యుల్లో ఎక్కువగా కనిపించే మార్పు 307వ స్థానంలో, ల్యూసిన్ బదులు ప్రోలిన్. ప్రోలిన్ మొండిది, గొలుసును మడత పడాల్సినట్టు పడనివ్వదు. ఎంజైమ్ పని దాదాపు సున్నా అయిపోతుంది, నిమిషాల మందు గంటల తరబడి తిష్ఠ వేస్తుంది.

అప్పుడు చేయగలిగింది మత్తులోనే ఉంచి, వెంటిలేటర్‌తో ఊపిరి ఆడిస్తూ, మందు దానంతటదే దిగేదాకా ఆగడం. తెల్లారేసరికి బావ వేళ్లు కదిపాడు. కాసేపటికి కాఫీ కావాలని నర్సుతో చీవాట్లు తిన్నాడు.

తర్వాత ఇంటిల్లిపాదీ పరీక్షకి వెళ్లాం. ల్యాబ్ కుర్రాడు చీటీ చూసి, గొంతు తగ్గించి "పురుగుమందు ఏమైనా తాగారా సార్?" అన్నాడు. పాపం అతన్ని అనడానికేం లేదు. మన దగ్గర ఈ ఎంజైమ్‌ని కొలిచే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష ఎక్కువగా రాసేది ఆ కేసులకే. ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుమందులు కూడా పోయి ఆ సెరీన్‌నే పట్టుకుంటాయి. నాది బాగానే వచ్చింది, మా చెల్లిది బాగా రాలేదు.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో విటమిన్ డి దగ్గర్నుంచి ఉన్నవీ లేనివీ అన్నీ పెడతారు, ఇది మాత్రం పెట్టరు. అమ్మానాన్నలిద్దరి నుంచీ ఈ తేడా వస్తేనే ఇంత ఇబ్బంది. మేనరికాల మీద మేనరికాలు చేసుకునే మాలాంటి ఇళ్లలో అదేమంత అరుదు? మా ఊళ్లో సంఘం వాళ్లని రక్తదాన శిబిరంలో ఈ పరీక్ష కూడా పెట్టించమంటే "శుభమా అని మీటింగ్ పెట్టుకుంటే రోగాల గోలేంటి" అన్నారు. రోగం కాదండీ బాబూ! ఆ మందు జోలికి పోకపోతే ఈ లోటుతో నిక్షేపంగా నూరేళ్లు బతకొచ్చు.

మీ బంధువుల్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందక వెంటిలేటర్ మీద ఉండి ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. స్కోలిన్ బదులు రోక్యురోనియం ఇస్తారు, దానికి సుగామడెక్స్ అనే విరుగుడు కూడా ఉంది. కండరాలు సడలించే మరో మందు మివాక్యురియం కూడా వద్దనండి, దాన్నీ విరగ్గొట్టాల్సింది ఈ ఎంజైమే.