‘దేవదూషణ’ అంటే తిట్టడమేనా?

సందేహం: మత్తయి సువార్త 26వ అధ్యాయంలో ప్రధానయాజకుడు కయప తన వస్త్రము చింపుకొని ‘వీడు దేవదూషణ చేసెను’ అంటాడు. ఆ విచారణలో యేసు దేవుణ్ణి ఒక్క మాటా తిట్టలేదు కదా, ‘దూషణ’ అనడం సరైనదేనా? ‘దైవదూషణ’ అనాలా?

సమాధానం: దేవదూషణ, దైవదూషణ రెండూ సాధువులే. దేవుని దూషించడమని రెండింటికీ విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. తెలుగు బైబిలులో మొదటిది స్థిరపడింది, పత్రికల్లో రెండోది ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు చిక్కు ‘దూషణ’ దగ్గర ఉంది. దీనికి మూలమైన ‘దుష్’ ధాతువుకు చెడిపోవడమని అర్థం. దాని ప్రేరణరూపం నుంచి వచ్చిన ‘దూషణ’కు చెడగొట్టడం, మలినపరచడం అనేవి మొదటి అర్థాలు. దూషితమైన నీరు అన్నప్పుడు నేటికీ ఆ అర్థమే మనకు స్ఫురిస్తుంది. వాడుకలో మాత్రం నామవాచకం తిట్టుకే పరిమితమైపోయినందువల్ల మీకు ఈ సందేహం కలిగింది.

మనుష్యకుమారుడు సర్వశక్తుని కుడిపార్శ్వమున కూర్చుండుటయు, ఆకాశ మేఘారూఢుడై వచ్చుటయు చూతురని యేసు చెప్పిన జవాబులో (మనుష్యకుమారుడని ఆయన తనను తానే చెప్పుకునేవాడు) 110వ కీర్తన, దానియేలు 7వ అధ్యాయం కలిసి వినిపిస్తాయి. ఒక మనిషి తనకు దేవుని సరసన స్థానం ఉందని చెప్పుకోవడం విచారించిన యూదుల న్యాయసభ దృష్టిలో దేవుని మహిమను మలినపరచడమే. యోహాను 10:33లో, మనుష్యుడవై యుండి దేవుడనని చెప్పుకొనుచున్నావన్నదే దేవదూషణకు కారణంగా చూపారు. తిట్టు ప్రసక్తి అక్కడా లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా ప్రకారమైతే దేవుని నామాన్ని స్పష్టంగా ఉచ్చరిస్తేనే ఈ నేరం రుజువవుతుంది. యేసు ఆ నామాన్ని పలకక ‘సర్వశక్తుడు’ అన్నాడు. అయితే మిష్నా ఆ విచారణకు ఎంతో తరవాతిది గనుక, దాన్నిబట్టి తీర్పు తప్పొప్పులు తేల్చడం నాకు సమ్మతం కాదు. దూషణ విన్న న్యాయాధిపతులు వస్త్రాలు చింపుకోవాలన్న నియమం కూడా అందులో ఉంది; కయప చర్యను అర్థం చేసుకోవడానికి అది తోడ్పడుతుంది.

దేవుణ్ణి దూషించడమనే మాట పలకడానికే హీబ్రూ వారికి ఎంత జంకో పాత నిబంధనలోని నాబోతు అనే అతని కథ చెబుతుంది. 1 రాజులు 21లో అతడు దేవుణ్ణి, రాజును దూషించాడని అబద్ధసాక్షులు పలికిన చోట మూలంలో ఉన్నది ‘ఆశీర్వదించు’ అనే అర్థం గల ‘బారక్’ క్రియ. దీపం ఆరిందనడానికి నోరు రాక కొండెక్కిందనే మనకు ఆ సంకోచం వివరించి చెప్పనక్కరలేదు.

గ్రీకు మూలంలోని ‘బ్లస్ఫేమియా’కు ఎదుటివారి పరువు తీసే మాట అని అర్థం, మనుషుల విషయంలోనూ అది చెల్లుతుంది. కాబట్టే 27వ అధ్యాయంలో, సిలువ మీద ఉన్న యేసును చూసి తలలూచుతూ దారిన పోయేవారు అన్న మాటలకు మత్తయి అదే క్రియను వాడాడు. తెలుగు అనువాదకులు అక్కడా ‘ఆయనను దూషించిరి’ అనే రాశారు. కయప నోట యేసు మీదికి వచ్చిన మాటే మరునాడు యేసును నిందించినవారికి వర్తించిందన్న సంగతి, రెండు చోట్లా ఒకే పదం ఉంచినందువల్లనే తెలుగు పాఠకుడికి అందుతున్నది.