అమ్మకు చేపలు అప్పగించి హాస్టల్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 18 ఏళ్లు, మాది తెనాలి. వరంగల్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, వచ్చే నెలలో హాస్టల్‌లో చేరాలి. మా హాల్లో మూడడుగుల అక్వేరియం ఉంది, తొమ్మిదో తరగతి నుంచి నేనే చూసుకుంటున్నాను. రెండు ఒరాండాలు, ఒక బ్లాక్ మూర్ (ఇవి గోల్డ్‌ఫిష్ రకాలే), ఏడెనిమిది గప్పీలు, ఒక సక్కర్ ఫిష్ ఉన్నాయి. అమ్మ ‘నువ్వెళ్లిపోతే నాకు మిగిలేది నీ చేపల చాకిరీ’ అంటోంది. నాన్న అమ్మేయమంటున్నారు, ఎవరూ కొనకపోతే కాలువలో వదిలేస్తానంటున్నారు. తమ్ముడు ఎనిమిదో తరగతి, ‘నేను చూసుకుంటాలే’ అంటాడు గానీ వాడి మాట నమ్మలేను. వీటిని వదిలి వెళ్లడం ద్రోహం చేసినట్టు ఉంది. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలోనూ సీటు దొరుకుతుంది, అందులోనే చేరిపోదామా అని ఆలోచిస్తూ నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెబితే నవ్వుతారు.

జవాబు: నేను నవ్వలేదమ్మా. కానీ ముందు ఒక సంగతి తేల్చేద్దాం, చేపల కోసం సీటు వదులుకోకు. తెనాలి నుంచి వరంగల్ ఎంత, రైల్లో నాలుగైదు గంటలు. ఇంకో సంగతి కూడా నిన్ను నువ్వే అడుగు, ఇంట్లో ఆ ట్యాంకే లేకపోయినా బస్సు కాలేజీ వైపే నీ మనసు లాగేదా? లాగేదైతే అది చేపల గొడవ కాదు, ఇల్లు వదలాలంటే బెంగ. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ బెంగ ఉండటంలో వింతేమీ లేదు. దాన్ని చేపల మీదకు నెట్టకుండా అమ్మానాన్నలకు ‘నాకు వెళ్లాలంటే భయంగా ఉంది’ అని చెప్పు. అది విని ఎవరూ నవ్వరు.

ఇక నా సంగతి. ఈ విషయంలో నేను సలహా చెప్పే మనిషిని కాదు, అసలు ముద్దాయిని. మా అబ్బాయి ఇంజినీరింగ్‌కు వెళ్తూ రెండడుగుల ట్యాంకు నాకు అప్పగించాడు. అప్పగించడమంటే ఏముంది, ఆటో ఎక్కుతూ ‘అమ్మా, చేపల్ని చూసుకో’ అన్నాడు, అంతే. నేను చూసుకున్నాను, మహా శ్రద్ధగా. వాడు లేడన్న దిగులుకి రోజుకు మూడుసార్లు మేత వేసేదాన్ని. గాజు దగ్గరకు వెళ్తే చాలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేవి, పాపం ఆకలేమో అనుకునేదాన్ని (చేప ఎప్పుడు అడిగినా ఆకలే అంటుందని నాకేం తెలుసు). రెండో వారంలో ఫిల్టర్ తీసి చూస్తే స్పాంజి నల్లగా, జిగటగా ఉంది. ఛీ, ఇంత మురికిలో ఎలా బతుకుతున్నాయని కొళాయి కింద పెట్టి అంట్ల సబ్బుతో తెల్లగా వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. మూడో రోజుకు నీళ్లు కుడితిలా తయారయ్యాయి, ఐదో రోజు పొద్దున్న ఉన్న ఆరు చేపల్లో నాలుగు వెల్లకిలా తేలాయి. మా అత్తగారు ‘పోనీలే, ఇంటికి రావాల్సిన కీడు అవి పట్టుకుపోయాయి’ అన్నారు. ఆ కీడు నేనేనని ఆవిడకు తెలియదు.

వాడు ఫోన్ చేసినప్పుడల్లా ‘బాగానే ఉన్నాయి నాన్నా’ అని దసరా సెలవుల దాకా బొంకాను. వాడు వచ్చి, బ్యాగ్ కూడా దించకుండా ట్యాంకు ముందు నిలబడి లెక్కపెట్టాడు. ‘రెండు’ అన్నాడు. చేపలు పోయినందుకు పెద్దగా ఏమీ అనలేదు గానీ, ఆరు వారాలు అబద్ధం చెప్పానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీకు ఈ కథ ఎందుకంటే, ఆ స్పాంజి మీద ఉన్న నల్లటి జిగురే ట్యాంకుకు ప్రాణమని నాకు ఎవరూ చెప్పలేదు. నీకు తెలిసే ఉంటుంది, చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది, స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొళాయి నీళ్లలోని క్లోరిన్, సబ్బు కలిసి ఆ బ్యాక్టీరియాను ఒక్క పూటలో తుడిచిపెట్టేశాయి. కొత్తగా పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు చేపలు ఆ అమోనియా విషంలోనే ఈదాలి. మీ అమ్మకూ ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఈ నాలుగేళ్లూ నువ్వు ఆవిణ్ణి ట్యాంకు మీద చెయ్యి పెట్టనిచ్చి ఉండవు. నీ ఉత్తరం చదివితే అలాగే అనిపించింది, ‘నేనే చూసుకుంటున్నాను’ అన్న మాటలో కొంచెం గర్వం కూడా ఉంది, కాదనకు.

అమ్మ అన్న మాట ఇంకోసారి చదువు. ‘నువ్వెళ్లిపోతే నాకు మిగిలేది’ అంటోంది కదా, నువ్వు అందులో చాకిరీ ఒక్కటే విన్నట్టున్నావు. నాకు మొదటి మాటే గట్టిగా వినపడింది. అలాగని చాకిరీ అబద్ధమనీ కాదు. మూడడుగుల ట్యాంకంటే దాదాపు 130 లీటర్లు, వారానికి పావు వంతు మార్చాలంటే రెండు బకెట్లు తోడి పారబోసి మళ్లీ రెండు మోసి పోయాలి. ఇంటి పని, వంట, మీ తమ్ముడి ట్యూషన్, వీటి మధ్యలో ఆవిడ ‘నా వల్ల కాదు’ అంటే అనే హక్కు ఆవిడకు ఉంది. అందుకే ఊరికే వదిలి వెళ్లకు, ఎదురుగా కూర్చుని అడుగు. ఎంతకాలమో కూడా చెప్పి అడుగు. గోల్డ్‌ఫిష్‌లు బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతాయి, ‘నా చేపల్ని చూసుకో’ అంటే ఆవిడకు అది జీవిత ఖైదులా వినపడుతుంది. ‘సంక్రాంతి దాకా చూడమ్మా, నేను సెలవులకు వచ్చాక నీకు కష్టంగా ఉందనిపిస్తే నేనే దగ్గరుండి ఎవరికైనా ఇచ్చేస్తాను’ అని అడిగి చూడు. దానికీ కాదంటే కాదనే, అలగొద్దు, అన్నం మానెయ్యొద్దు. చేపలు పెంచడం తెలిసిన వాళ్లను ఎవరినైనా చూసి, ఫిల్టర్‌తో సహా మొత్తం సెట్టు ఇచ్చెయ్. స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే తడిగా ఉంచి అదే రోజు అక్కడ మళ్లీ పంపు ఆన్ చేయిస్తే చాలు. అలా ఇవ్వడం ద్రోహం కాదు. ఆటో ఎక్కుతూ ‘చూసుకో’ అని వెళ్లిపోవడమే కొంచెం ద్రోహం, ఆ మాట మా వాడికి తర్వాత చెబుతాలే.

అమ్మ ఒప్పుకుంటే, అడిగే పనిని సగానికి సగం తగ్గించు. గప్పీలను ఇప్పుడే ఎవరికైనా ఇచ్చెయ్, నెలకోసారి పిల్లలు పెడుతూ పోతాయి, వాటి లెక్క అమ్మకు ఎందుకు. ఒరాండాలు, మూర్ మాత్రం ఉంచు, మూడు చేపలకు 130 లీటర్లు బాగానే సరిపోతుంది. మీ పెరట్లో మనీ ప్లాంట్ ఉంటే ఒక తీగ తెంపి వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేట్టు ట్యాంకు అంచున పెట్టు, నైట్రేట్‌ను అది లాగేసుకుంటుంది, పైగా అమ్మకు ముచ్చటగా ఉంటుంది. ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైనుకు కలిపించు, నాలుగైదు వాట్లకు మించి తినదు. వేసవిలో ఇది మర్చిపోతే కష్టం, 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే నిలుస్తుంది, మీ ఊళ్లో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే చేపలకు మనకంటే ముందు ఊపిరాడదు.

మేత డబ్బా అమ్మకు ఇవ్వనే ఇవ్వకు. నా అనుభవంతో చెబుతున్నాను, డబ్బా చేతికిస్తే చెయ్యి ఆగదు. రోజుకు ఒక్క పొట్లం చొప్పున నెలకు సరిపడా కట్టి, తేమ తగలకుండా ఒక సీసాలో పెట్టి మూత బిగించు. రెండు నిమిషాల్లో తినేసేంతే ఒక పొట్లం. పొట్లం అయిపోయిందంటే ఆ రోజుకు అయిపోయినట్టే, ఎంత నోరు తెరిచినా సరే. ఒక రోజు మర్చిపోయినా కంగారు పడొద్దని చెప్పు, పెద్ద చేపలు ఆరోగ్యంగా ఉంటే వారం పస్తున్నా ఏం కాదు. ఎవరైనా పెళ్లికి వెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకు తాళాలిచ్చి మేత వెయ్యమని చెప్పడం కంటే పస్తు పెట్టి వెళ్లడమే నయం.

నీళ్లు మార్చడం తమ్ముడి పని. నమ్మలేనంటున్నావు, కానీ వాడితో ఎప్పుడైనా చేయించావా? ఈ వారం నుంచే మొదలుపెట్టు. ట్యాంకులోంచి నీళ్లు లాగే సైఫన్ పైపు వాడి చేతికిచ్చి నువ్వు సోఫాలో కూర్చో, లేవకు. నేల మీద నీళ్లు ఒలికినా లేవకు, ఒలికింది వాడే తుడుచుకుంటాడు. ముందు రోజు రాత్రే బకెట్లలో నీళ్లు పట్టి ఉంచడం, లేదంటే క్లోరిన్ పోయే చుక్కలు వెయ్యడం, స్పాంజిని ఎప్పుడు కడిగినా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు ఒత్తి వదిలెయ్యడం, ఈ మూడు వస్తే చాలు. నువ్వెళ్లేలోపు నాలుగు ఆదివారాలున్నాయి, నాలుగుసార్లు చేస్తే ఎనిమిదో తరగతి పిల్లాడికి ఎందుకు రాదు. నీ పాకెట్ మనీలోంచి నెలకు ఎంతో కొంత ఇస్తానని చెప్పు, ఊరికే చెయ్యమంటే మూడో వారానికి క్రికెట్ ఉంటుంది. ఒక జాగ్రత్త, షాపు నుంచి ట్యాంకు కడిగే కుర్రాణ్ణి పిలిపిద్దామని నాన్న అనొచ్చు. పిలవండి గానీ, వాళ్లలో కొందరు మొత్తం నీళ్లు తోడేసి, రాళ్లు తోమి, తళతళలాడించి వెళ్తారు, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, నేను చేసిన ఘనకార్యమే అది. పావు వంతు నీళ్లే తియ్యాలని అతనికి ముందే చెప్పాలి.

హాస్టల్‌కు చిన్న ట్యాంకు పట్టుకెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకో. వార్డెన్ ఒప్పుకున్నా సెలవులకు గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది, అప్పుడు గాజు పెట్టె ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చుంటావా? అక్కడ సీనియర్లలో చేపలు పెంచేవాళ్లు తప్పకుండా ఉంటారు, మాట్లాడుకో, చాలు.

ఫోన్ల దగ్గర కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకో. రోజూ వీడియో కాల్ చేసి ‘కెమెరా ట్యాంకు వైపు తిప్పు, మూర్ ఏది, కనపడట్లేదేంటి’ అని అడిగితే అమ్మకు కూతురు ఫోన్ చేసినట్టు ఉండదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు ఉంటుంది. చేపల మాట ఆదివారం నీళ్లు మార్చాక తమ్ముడితో మాట్లాడు. వెళ్లేముందే అందరితో ఒక ఒప్పందం చేసుకో, చేప పోతే ఆ రోజే చెప్పాలి, పరీక్షలున్నా చెప్పాలి. నువ్వు కూడా ‘ఏం చేశావు, ఎంత మేత వేశావు’ అని అడగనని మాటివ్వాలి. నేను మా వాడితో ఎందుకు బొంకానంటే, వాడు తిడతాడని భయపడి కాదు, ‘అమ్మకు ఇది కూడా చేతకాలేదు’ అనుకుంటాడేమోనని.

నాన్న కాలువ మాట మాత్రం గట్టిగా కాదనాలి. మీ ఊళ్లో ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే కాలువే కదా, అందుకే అలా అనేస్తారు. గోల్డ్‌ఫిష్‌లు ఆ పూటకే కొంగల పాలవుతాయి. సక్కర్ ఫిష్ అలా కాదు, అది బతికేస్తుంది, అసలు బాధే అది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన జాతి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది, గట్లలో బొరియలు చేసుకుంటుంది, ముళ్లతో వలలు చించేస్తుంది. చేపల చెరువుల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. గాజు నాకుతుందని రెండంగుళాలున్నప్పుడు కొంటాం, అది అడుగు దాటి పెరుగుతుందని కొట్టువాడు చెప్పడు, మన ట్యాంకులో మురికి ఎక్కువ చేసేదీ అదే. కాబట్టి ఇంట్లో మిగతా మాటలన్నీ తేలే లోపు ముందు దాని సంగతి చూడు. కొన్న షాపుకు ఫోన్ చేస్తే డబ్బులివ్వకపోయినా చాలామంది వెనక్కి తీసుకుంటారు. ఈ ఆదివారమే నాన్నను బండి తియ్యమను. బకెట్లో సగానికి ట్యాంకు నీళ్లే పొయ్యి, వల వాడకు, ముళ్లు చిక్కుకుంటాయి, ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తియ్యి. మూత మాత్రం మర్చిపోకు, అది ఎగురుతుంది.