విన్‌మెయిల్.డాట్‌లో ఇరుక్కున్న నీ కథ

తమ్ముడికి ఆశీస్సులు.

కథ పంపానని, చదివి చెప్పమని అన్నావు. మెయిల్ అందింది కానీ అందులో కథ లేదు. విన్‌మెయిల్.డాట్ (winmail.dat) అనే ఫైలొకటి ఉంది. ల్యాప్‌టాప్‌లో తెరవబోతే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలని అడిగింది. ఫోన్‌లో అసలు తెరుచుకోలేదు. పత్రికల నుంచి ఉలుకూ పలుకూ లేదని బాధపడుతున్నావే, వాళ్లకీ ఇదే వెళ్లి ఉంటుందని నా అనుమానం. అలాగైతే నీ కథను ఎవరూ కాదనలేదు, ఎవరూ చదవనే లేదు. ముందు ఆ దిగులు వదిలెయ్.

ఇది వైరస్ కాదు. నువ్వు పంపింది ఆఫీసు కంప్యూటర్‌లోని క్లాసిక్ అవుట్‌లుక్ అనే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ నుంచి. అందులో మెయిల్ రాయడానికి ప్లెయిన్ టెక్స్ట్, హెచ్‌టీఎంఎల్, రిచ్ టెక్స్ట్ అని మూడు పద్ధతులున్నాయి. మొదటి రెండూ దాదాపు ఏ మెయిల్ ప్రోగ్రామ్‌కైనా అర్థమవుతాయి. రిచ్ టెక్స్ట్ మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. అక్షరాల రంగులు, అమరిక, జతచేసిన ఫైళ్లు అన్నిటినీ కలిపి టీఎన్‌ఈఎఫ్ అనే మూటగా కట్టేస్తుంది. అటువైపూ అవుట్‌లుక్ ఉంటే మూట దానంతటదే విప్పుకుంటుంది. అందుకే ఆఫీసువాళ్లతో నీకెప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ ముడి తెలియని ప్రోగ్రామ్‌లు మూటను మూటగానే చూపిస్తాయి.

విన్‌మెయిల్.డాట్ ఒకటి రెండు కేబీలే ఉంటే అందులో సాధారణంగా అలంకారాలు తప్ప ఏమీ ఉండవు. నువ్వు పంపింది అంతకు చాలా పెద్దది, కాబట్టి కథ లోపల ఉన్నట్టే. పేరు చివర dat తీసేసి docx అని పెడితే తెరుచుకోదు. విప్పే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, లైనక్స్‌లో టీనెఫ్ అలాంటిదే. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్‌లో మాత్రం అచ్చుకాని కథను అప్‌లోడ్ చేయకు. అయినా ఈ ముడి విప్పాల్సింది సంపాదకుడు కాదు. ఆయన ముందు ఎన్నో కథలుంటాయి. తెరుచుకోని ఫైలు కోసం ఆగే తీరిక ఉండదు. చదవగలిగేలా పంపడం రాసినవాళ్ల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్లి, మెయిల్ రాసే పద్ధతిని హెచ్‌టీఎంఎల్‌కి మార్చు. అదే పేజీలో కిందికి వెళ్తే, రిచ్ టెక్స్ట్ మెయిల్ బయటివాళ్లకు వెళ్లేటప్పుడు ఏం చేయాలో అడిగే చోటుంటుంది. అక్కడా హెచ్‌టీఎంఎల్‌గా మార్చమనే పెట్టు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ ఒక్కో చిరునామాకు విడిగా రిచ్ టెక్స్ట్ అని గుర్తుపెట్టుకునే అలవాటు అవుట్‌లుక్‌కు ఉంది. అందుకే మిగతా అందరికీ సరిగ్గా వెళ్లి, ఒక్క సంపాదకుడికే మూట వెళ్తుంటుంది. టు గడిలో ఆయన పేరు టైప్ చేస్తుంటే కింద వచ్చే సూచనను ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, చిరునామా మొత్తం కొత్తగా కొట్టు. కాంటాక్ట్స్‌లో ఉంటే అక్కడా సరిచెయ్. ఇన్ని చేసినా మూటే వెళ్తుంటే తప్పు ఆఫీసు సర్వర్‌లో ఉండొచ్చు. ఆఫీసు బయటి మెయిల్ చిరునామాలకు టీఎన్‌ఈఎఫ్ ఆపమని సిస్టమ్ అడ్మిన్‌ని అడుగు. అసలు కథల కోసం సొంత మెయిల్ ఒకటి పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

యాపిల్ మెయిల్ నుంచి పంపితే మరో చిక్కు. ఫైలును ఉత్తరం మధ్యలో పెడితే, దాని తర్వాత రాసిన నాలుగు మాటలు అవుట్‌లుక్ వాడేవాళ్లకు ఏటీటీ00001 అనే ఫైలుగా విడిపోయి కనిపిస్తాయి. ఫైలు ఎప్పుడూ ఉత్తరం చివరే జతచెయ్.

మూట విప్పాక కథ కనిపించినా చదవడానికి రాకపోతే ఆ తప్పు ఫాంట్‌ది. అను ఫాంట్లలో టైప్ చేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది. పత్రిక వేరే ఫాంట్ అడిగితే తప్ప, దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే పంపు. వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచెయ్. కథ పేరు, నీ పేరు, ఫోన్ నంబరు మెయిల్‌లోనే రాయి. ఫైలు తెరుచుకోకపోయినా, నీకో ఫోన్ చేయడానికి సంపాదకుడికి వీలుంటుంది.

ఇవన్నీ చేశాక ముందు ఆఫీసుతో సంబంధం లేని నీ సొంత మెయిల్‌కి పంపుకుని, ఫోన్‌లో తెరిచి చూడు. సరిగ్గా వస్తే నాకు పంపు. పాత మెయిల్‌కు రిప్లై కొట్టకు, కొత్తది తెరిచి రాయి. రిప్లై పాత మెయిల్ పద్ధతినే పట్టుకుంటుంది. కథ అందగానే చదివి, దాని గురించి విడిగా రాస్తాను.